గైడులో దొరకని జవాబు: తరగతి గదిలో సృజనాత్మకతకు చోటు

2012 తర్వాత వచ్చిన తెలుగు వాచకాల్లో పాఠం చివర అభ్యాసాలు చూస్తే ‘సృజనాత్మకత – ప్రశంస’ అనే శీర్షిక కనబడుతుంది. దాని కింద కరపత్రం రాయమనో, పాఠాన్ని సంభాషణగా మార్చమనో, ఏకపాత్రాభినయానికి మాటలు సమకూర్చమనో అడుగుతారు. పాఠం చదివిన పిల్లలు సొంత బుర్రతో ఏదో ఒకటి కట్టి చూపాలన్నది దాని ఉద్దేశం. చాలా మంచి ఉద్దేశం. అయితే ఆ ప్రశ్నకు జవాబు గైడులో అచ్చయి ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో అప్పజెబుతారు. నలభై పేపర్లు పక్కపక్కన పరిస్తే నలభై కరపత్రాలూ ‘ప్రియమైన ప్రజలారా!’ అని మొదలై, ‘చెట్లను నరకరాదు, నీటిని వృథా చేయరాదు’ మీదుగా ‘ఇట్లు’ దగ్గరికి చేరతాయి.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. ముందే ఊహించగలిగిన ప్రశ్న అడిగినంతకాలం ముందే రాసిపెట్టిన జవాబే వస్తుంది. కాబట్టి పిల్లల్లో సృజన పెరగాలంటే సరిచేయాల్సినవి మూడు: అడిగే ప్రశ్న, ఆలోచించడానికి ఇచ్చే సమయం, దిద్దే పద్ధతి. మూడూ టీచరు చేతిలో ఉన్నవే. వీటికి కొత్త గది అక్కర్లేదు, కొత్త పరికరాలూ అక్కర్లేదు.

ముందుగా సృజన అన్న మాటకు అర్థం తేల్చుకోవాలి. బొమ్మలు వేసేవాళ్లనీ, కథలు చెప్పేవాళ్లనీ, చురుగ్గా మాట్లాడేవాళ్లనీ ‘క్రియేటివ్’ అంటుంటాం. మనస్తత్వ శాస్త్రంలో స్థిరపడిన అర్థం ఇంతకంటే ఇరుకైనది, అందుకే తరగతిలో ఎక్కువ పనికొచ్చేది. ఒక ఆలోచన కొత్తదై ఉండాలి, చేపట్టిన పనికి కుదరాలి కూడా. ఈ రెంటిలో ఏది లేకపోయినా దాన్ని సృజన అనరు. తాగునీటి గురించి కరపత్రం రాయమంటే చందమామ మీద పద్యం రాసిన పిల్ల కొత్తదే రాసింది గానీ పనికి కుదరలేదు. గైడులోది మక్కీకి మక్కీ దింపిన పిల్లవాడిది కుదిరింది గానీ కొత్తది కాదు. ‘కొత్తది’ అంటే లోకానికంతటికీ కొత్తది కానక్కర్లేదు. భిన్నాలను కలిపే పద్ధతిని ఎవరూ చెప్పకుండా తనంతట తానే కనుక్కున్న ఐదో తరగతి పిల్ల విషయంలో, ఆ పద్ధతి వెయ్యేళ్లుగా ఉన్నదే అయినా, ఆమె చేసింది సృజనే. బడిలో మనం పెంచగలిగేది ఈ చిన్న సృజననే. పెద్దది ఎప్పుడైనా వస్తే దీని మీదుగానే వస్తుంది.

ఈ విషయం మీద పరిశోధన ఊపందుకున్నది 1950లో. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా జె.పి. గిల్‌ఫర్డ్ ఆ ఏడాది చేసిన ప్రసంగంలో ఒక లెక్క చెప్పాడు. అప్పటిదాకా మనస్తత్వ శాస్త్ర రచనల సూచికలో చేరిన సుమారు 1,21,000 శీర్షికల్లో సృజనాత్మకతకు సంబంధించినవి 186 మాత్రమేనట. ఒకే సరైన జవాబు వైపు సాగే ఆలోచన ఒకటి, అనేక జవాబుల వైపు విస్తరించే ఆలోచన ఒకటి అని ఆయన రెండుగా విడదీశాడు. బడి మొదటిదాన్నే కొలుస్తుందని గుర్తుచేశాడు. 1966లో పాల్ టోరెన్స్ రూపొందించిన సృజనాత్మకత పరీక్షలు వచ్చాక రెండోదాన్ని నాలుగు వైపుల నుంచి చూడడం అలవాటైంది. మన ఇళ్లలో దొరికే కొబ్బరి చిప్పతోనే వాటిని చూద్దాం.

‘కొబ్బరి చిప్పతో ఏమేం చేయొచ్చు?’ అని మూడు నిమిషాలు ఇచ్చి రాయమనండి. ఒక పిల్లవాడు గరిటె, గిన్నె, ఉప్పు పోసుకునే చిప్ప, పక్షులకు నీళ్లు పెట్టే పాత్ర, డబ్బులు దాచుకునే డిబ్బీ అని ఐదు రాశాడు. ఇంకో పిల్ల పొయ్యిలోకి వంటచెరకు, రెండు చిప్పలు కొట్టి గుర్రపు డెక్కల చప్పుడు, అరగదీసి చొక్కా గుండీలు అని మూడే రాసింది. ఎన్ని వచ్చాయన్నది ధారాళత. అందులో పిల్లవాడిది పైచేయి. కానీ అతని ఐదూ ఒకే జాతివి, అన్నిట్లోనూ చిప్ప ఏదో ఒకటి పోసుకునే పాత్రే. ఆ పిల్ల రాసిన మూడూ మూడు జాతులవి. ఒకచోట చిప్ప మండుతోంది, ఒకచోట మోగుతోంది, ఒకచోట పదార్థంగా మారుతోంది. ఇలా జాతి మార్చగలగడం మళ్లింపు. తరగతిలో ఇంకెవరూ రాయనిది రాయడం అరుదుదనం. గుండీకి రంధ్రాలెన్ని, ఏ గరుకు కాగితంతో రుద్దాలి అని వివరం చేర్చడం విస్తరణ. ఈ నాలుగూ వేర్వేరు సామర్థ్యాలు. ఒకటి బాగా ఉన్న పిల్లకు ఇంకోటి లేకపోవచ్చు. ‘ఈ పిల్లకు సృజనాత్మకత ఉంది, ఆ పిల్లకు లేదు’ అని ఒక్క మాటలో తేల్చేయడం అందుకే పొరపాటు. ఎవరికి ఏది తక్కువో చూసి దాన్ని సాధన చేయించాలి. ఐదూ పాత్రలే రాసిన పిల్లవాడిని ‘ఇంకా రాయి’ అంటే ఆరో పాత్ర రాస్తాడు. ‘ఇక చిప్పలో ఏమీ పోయకూడదు’ అంటేనే దారి మారుతుంది.

ఇక్కడ ఒక ఆచరణ సూక్ష్మం ఉంది. పిల్లలకు మొదట తోచేవి అందరికీ తోచేవే. అరుదైనవి జాబితాలో ఆలస్యంగా వస్తాయి. దీన్ని గిల్‌ఫర్డ్ బృందం 1957లోనే కొలిచి చూపింది. పిల్లలు కలం ఆపి కిటికీలోంచి చూడడం మొదలుపెట్టగానే టీచర్లు ‘అయిపోయిందా? చదవండి’ అంటారు. అసలు పని మొదలయ్యేది ఆ ఖాళీ తర్వాతే. ఆ క్షణంలో ఇంకో రెండు నిమిషాలు మౌనంగా ఆగితే చాలు.

ఏమీ నేర్పకుండా వదిలేస్తేనే పిల్లల్లో సృజన వికసిస్తుందన్న మాట ఈమధ్య బాగా వినబడుతోంది. అది నిజం కాదు. శ్రీనివాస రామానుజన్‌కు సుమారు పదహారేళ్ల వయసులో కుంభకోణంలో జి.ఎస్. కార్ రాసిన గణిత సంగ్రహం దొరికింది. అందులో వేలకొద్దీ ఫలితాలున్నాయి గానీ నిరూపణలు చాలావాటికి లేవు, ఉన్నవీ పొడిపొడిగా ఉన్నాయి. రామానుజన్ వాటిని ఒక్కొక్కటిగా తన దారిలో సాధించుకుంటూ పోయాడు. ఆ పుస్తకం ఆయనకు పునాదినిచ్చింది, పూరించుకోవడానికి ఖాళీలనూ ఇచ్చింది. ఈ రెండూ కలిసి దొరకడమే ముఖ్యం. పునాది లేని ఖాళీలో పిల్లలు అయోమయంలో పడతారు. ఖాళీ లేని పునాది బట్టీగా మిగులుతుంది.

మన నేల మీది ఉదాహరణ చింతకింది మల్లేశం. పోచంపల్లి తరహా చీర నేయడానికి ముందు ఆసు పోయాలి, అంటే చట్రానికున్న మేకుల చుట్టూ నూలును చేత్తో చుట్టాలి. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. తల్లి భుజం నొప్పి చూసి, ఆ కదలికను యంత్రంతో చేయించాలని ఆయన 1992లో పని మొదలుపెట్టారు. యంత్రం పూర్తయింది 1999లో. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్లు పట్టిన ఈ పనిని ‘మెరుపులాంటి ఆలోచన’ అని చెప్పుకుంటే పిల్లలకు అన్యాయం చేసినట్టే. ఆసు పోయడంలో చేయి ఎక్కడ ఆగుతుందో, దారం ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు తెగుతుందో ఆయనకు ఇంట్లో చూసిన అనుభవంతో తెలుసు. ఆ చేయి చేసే పనిని ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు ఒక్కో పరిష్కారం వెతికారు. చివరి చిక్కు హైదరాబాద్‌లో పనిచేస్తుండగా వేరే యంత్రం కదలికను చూసినప్పుడు వీడింది. ఆ యంత్రాన్ని అంతకుముందు ఎందరో చూసి ఉంటారు. అందులో ఆసు కనబడింది మాత్రం ఆ ప్రశ్నను ఏళ్ల తరబడి మోస్తున్న మనిషికే.

సృజన ఎలా సాగుతుందో వివరిస్తూ గ్రాహం వాలస్ 1926లో చెప్పిన నాలుగు దశలు ఇక్కడ వరసగా కనబడతాయి: సమకూర్చుకోవడం, పక్కన పెట్టి నాననివ్వడం, తట్టడం, తట్టినదాన్ని పరీక్షించి సరిచేయడం. బడిలో మొదటిది జరుగుతుంది. మూడోదాన్ని పిల్లల నుంచి ఆశిస్తాం. రెండోదానికీ నాలుగోదానికీ పీరియడ్‌లో చోటే ఉండదు.

హద్దు గీస్తే దారి కనబడుతుంది

‘మీకు నచ్చినదేదైనా రాయండి’ అంటే పిల్లలు నచ్చినది రాయరు, అలవాటైనది రాస్తారు. ఈ సంగతి తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అవధాన విద్య మొత్తం హద్దుల మీదే నిలబడింది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతాడు. దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటాడు. సమస్యాపూరణంలో అర్థంపర్థం లేనట్టుండే పాదమిచ్చి మిగతా పద్యంతో దానికి అర్థం తెప్పించమంటాడు. తెనాలి రామకృష్ణుడి పేర చెప్పుకునే చాటువులో ఇచ్చిన సమస్య ‘కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్’. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరింది. పూరణలో ఏనుగులు పాండవులయ్యారు, దోమ విరాటరాజు కొలువయింది. అంతటి వీరులు అంత చిన్న కొలువులో చేరాల్సి వచ్చిందన్న వాపోతగా ఆ పాదం మారిపోయింది. ఇందులో జరిగిందేమిటి? వాచ్యార్థం దారి మూసుకుపోయింది కాబట్టి మనసు పోలిక దారి పట్టింది. పక్కదారి వెతుక్కోక తప్పని స్థితి కల్పించడమే హద్దు చేసే పని.

దీన్ని మామూలు తరగతికి తెచ్చుకోవచ్చు. కరపత్రం ప్రశ్ననే తీసుకుందాం. ‘నీటి పొదుపు గురించి కరపత్రం రాయండి’ అనడానికి బదులు ఇలా అడగొచ్చు: ‘మీ వీధి బోరింగు దగ్గర పొద్దున్నే బిందెలు పట్టుకుని నిలబడేవాళ్లు చదవడానికి ఆరు వాక్యాల కరపత్రం రాయండి. వృథా, పొదుపు, కాపాడుకుందాం అనే మాటలు వాడకూడదు. ఒక వాక్యంలో లెక్క ఉండాలి.’ ఇందులో మూడు మార్పులున్నాయి. చదివే మనిషి ఎదురుగా నిలబడ్డాడు. అరిగిపోయిన మాటలకు నిషేధం పడింది. పిల్ల బడి వదిలాక బోరింగు దగ్గరికి వెళ్లి ఒక బిందె నిండడానికి ఎన్ని చెంబుల నీళ్లు నేల పాలవుతున్నాయో చూసి రావాల్సి వచ్చింది. ఇలాంటి ప్రశ్నకు జవాబు ఏ గైడూ అచ్చు వేయలేదు, ఎందుకంటే ఆ బోరింగు ఆ వీధిలోనే ఉంది.

అయితే హద్దులు రెండు మూడుకు మించకూడదు. ఐదారు పెడితే పిల్లలు ఆలోచించడం మాని నిబంధనలు టిక్కు పెట్టుకోవడంలో పడతారు. నిషేధించే మాటలు కూడా ఊరికే ఎంచుకునేవి కావు. పోయినేటి పేపర్లలో ఎక్కువమంది రాసిన మాటలేవో చూసి వాటినే నిషేధించాలి.

లెక్కల్లో సృజనకు చోటులేదని చాలామంది అనుకుంటారు. నిజానికి చోటు అక్కడే ఎక్కువ, ఎందుకంటే కుదిరిందో లేదో పిల్లలే సరిచూసుకోగలరు. ‘పొడవు 8, వెడల్పు 6 సెం.మీ. చుట్టుకొలత ఎంత?’ అన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే. దాన్ని తిరగేసి ‘చుట్టుకొలత 28 సెం.మీ. ఉండే దీర్ఘచతురస్రాలు ఎన్ని గీయగలవు? భుజాలు పూర్ణసంఖ్యలు కావాలి’ అనండి. పొడవు, వెడల్పు కలిపితే 14 రావాలి కాబట్టి ఏడు వస్తాయి. 13×1 నుంచి 7×7 దాకా వాటి వైశాల్యాలు వరసగా 13, 24, 33, 40, 45, 48, 49. చతురస్రాన్ని లెక్కలోకి తీసుకోవచ్చా అని వాదన లేస్తుంది, లేవనివ్వండి. వైశాల్యాల మధ్య తేడాలు 11, 9, 7, 5, 3, 1 అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. అలా ఎందుకు అయిందన్న ప్రశ్న టీచరు అడగక్కర్లేదు, వాళ్లే అడుగుతారు. మొదటి ప్రశ్న తయారు చేయడానికి ఎంత సమయం పడుతుందో దీనికీ అంతే పడుతుంది: ఇచ్చిన దాన్నీ అడిగిన దాన్నీ అటుదిటు చేశాం, అంతే. సగటు పాఠంలోనూ ఇదే ఉపాయం పనిచేస్తుంది. ‘ఐదు సంఖ్యల సగటు 12, అందులో ఒకటి 30. మిగతా నాలుగూ ఏమై ఉండొచ్చు?’ మిగతా నాలుగూ కలిపి 30 కావాలని తెలుసుకున్నాక ఎవరి దారి వాళ్లది.

గాడి ఎలా పడుతుంది

1942లో అబ్రహం లూచిన్స్ చేసిన జాడీల ప్రయోగాన్ని టీచర్లందరూ ఒకసారి తమ తరగతిలో చేసి చూడాలి. 21, 127, 3 కొలతల మూడు జాడీలున్నాయి, 100 కొలత నీళ్లు కావాలి. పెద్దదాన్ని నింపి, అందులోంచి మొదటిదానితో ఒకసారి, మూడోదానితో రెండుసార్లు తీసేస్తే 127 – 21 – 3 – 3 = 100. ఇదే పద్ధతితో తేలే లెక్కలు వరసగా మరికొన్ని ఇచ్చాక, 23, 49, 3 జాడీలతో 20 కావాలని అడిగాడు. పాత పద్ధతిలో 49 – 23 – 3 – 3 = 20 వస్తుంది. కానీ 23 – 3 = 20 కళ్ల ముందే ఉంది. వరసగా ఒకే పద్ధతి చేసినవాళ్లలో చాలామందికి అది కనబడలేదు. నేరుగా ఈ లెక్కే అందుకున్నవాళ్లు సులువు దారినే పట్టారు.

మన లెక్కల అభ్యాసాలు చాలావరకు ఇలాంటి గాడి వేసేవే. ఒకే సూత్రానికి పదిహేను లెక్కలు వరసగా. సూత్రం చేతికి అబ్బడానికి మొదటి ఐదారు అవసరమే, వాటిని తీసేయమనడం లేదు. తర్వాత వచ్చేవాటి మధ్యలో, ఆ సూత్రం పనిచేసినా అంతకంటే దగ్గరి దారి ఉన్నది ఒకటి, ఆ సూత్రం అసలు పనిచేయనిది ఒకటి కలపండి. ఎక్కడ కలిపారో చెప్పొద్దు.

మాదిరి జవాబు కూడా గాడే వేస్తుంది. ఊహాజీవులను గీయమని చెబుతూ ముందుగా కొన్ని నమూనాలు చూపిస్తే, నమూనాల్లో ఉన్న కాళ్ల సంఖ్య, తోకలు, మీసాలే గీసిన బొమ్మల్లోకి దిగుతాయని 1993లో స్మిత్, వార్డ్, షూమాకర్ చేసిన ప్రయోగం చూపింది. ‘వీటిలా గీయొద్దు’ అని చెప్పినా పెద్దగా తేడా రాలేదు. కాబట్టి మాదిరి చూపించక తప్పనప్పుడు ఒక్కటి చూపించకండి. ఒకదానికొకటి పొంతన లేనివి మూడు చూపించండి. లేదంటే పిల్లలు మొదటి ప్రతి రాసేశాక చూపించండి. రెండో పద్ధతే మేలు, అప్పటికి పిల్లల చేతిలో పోల్చి చూసుకోవడానికి సొంతది ఒకటి ఉంటుంది. ఫోన్లో చాట్‌బాట్‌ను అడిగే పిల్లల విషయంలోనూ ఇదే వరస పాటించాలి. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏఐ సూచనలు తీసుకుని రాసిన కథలు విడివిడిగా బాగున్నాయనిపించుకున్నాయి గానీ, అన్నీ కలిపి చూస్తే ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. ముందు సొంతంగా ఐదు ఆలోచనలు కాగితం మీద, ఆ తర్వాతే యంత్రం.

పీరియడ్‌ను ఎలా పంచుకోవాలి

గుంపుగా కూర్చోబెట్టి ‘అందరూ కలిసి ఆలోచించండి’ అనడం చాలా చోట్ల సృజనాత్మక బోధనగా చలామణి అవుతోంది. ప్రకటనల రంగంలో పనిచేసిన అలెక్స్ ఆస్‌బర్న్ 1950లలో ఈ పద్ధతికి ప్రచారం తెచ్చాడు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూస్తే నలుగురు గుంపుగా చెప్పిన ఆలోచనల కంటే, నలుగురు విడివిడిగా రాసినవి కలిపితే దాదాపు రెట్టింపు వచ్చాయి. కారణం తర్వాత తేలింది: ఒకరు మాట్లాడుతుంటే మిగతా ముగ్గురూ తమ వంతు కోసం ఆగాలి, ఆగేలోపు తోచింది జారిపోతుంది. మన తరగతుల్లో దీనికి ఇంకోటి తోడవుతుంది. గుంపులో ఫస్టు ర్యాంకు పిల్ల ఏదంటే అదే ఖాయమవుతుంది.

45 నిమిషాల పీరియడ్‌ను ఇలా పంచుకోవచ్చు. ప్రశ్న, హద్దులు వివరించడానికి 5 నిమిషాలు. ఎవరికి వారు మౌనంగా రాయడానికి 8, కనీసం ఆరు ఆలోచనలు అని చెప్పాలి. పక్కవారితో కాగితాలు మార్చుకుని, ఎదుటివాళ్ల జాబితాలోంచి ఒకదాన్ని ఎంచుకుని పెంచడానికి 7. సొంత జాబితాకు తిరిగి వచ్చి ఒకటి ఎంచుకోవడానికి 3. మొదటి ప్రతికి 20. మిగిలిన రెండు నిమిషాల్లో కాగితాలు తీసుకుని బీరువాలో పెట్టేయాలి. ఆ రోజు దిద్దొద్దు. రెండు మూడు రోజుల తర్వాత తిరిగి ఇచ్చి, 20 నిమిషాల్లో రెండో ప్రతి రాయించాలి. నాననివ్వడం, సరిచేయడం అన్న ఆ రెండు దశలకూ చోటు దొరికేది ఈ విరామంలోనే. వారానికోసారి కుదరదు. నెలకు రెండుసార్లు కుదిరినా సిలబస్ వెనకబడదు, ఎందుకంటే వాచకంలో ఆ అభ్యాసం ఎలాగూ చేయించాల్సిందే.

నోటితో ప్రశ్న అడిగినప్పుడు ఆగే సమయం ఇంకో సంగతి. టీచర్లు ప్రశ్న వేశాక సగటున సెకను మాత్రమే ఆగుతారని మేరీ బడ్ రో 1970లలో గమనించింది. మూడు సెకన్లు ఆగితే జవాబుల నిడివి పెరిగింది, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు అంటే తరగతిలో చాలా పొడవుగా అనిపిస్తుంది. మనసులో ‘ఒకటి, రెండు, మూడు’ లెక్కపెట్టుకుంటే తప్ప ఆగలేరు.

ఊహించని జవాబు వచ్చినప్పుడు ఏమంటామో కూడా చూసుకోవాలి. ‘మొక్కకు ఆహారం ఎక్కడి నుంచి వస్తుంది?’ అంటే ‘రాత్రిపూట తింటుంది సార్’ అన్న పిల్లవాడిని ‘కూర్చో’ అనడం తేలిక. ‘మంచి ఆలోచన, తర్వాత చూద్దాం’ అనడం మర్యాదగా ఉంటుంది గానీ ఫలితం అదే, ఆ తర్వాత ఎప్పటికీ రాదు. ‘అలా ఎందుకనుకున్నావు?’ అని ఒక్క ప్రశ్న వేస్తే పగలు కనబడని పని రాత్రి జరుగుతుందేమోనన్న ఒక ఊహ బయటపడుతుంది. అది తప్పే, కానీ పరీక్షించదగ్గ తప్పు. ఆకును రెండు రోజులు నల్ల కాగితంతో కప్పి, తర్వాత అయోడిన్ పరీక్ష చేసే ప్రయోగం పాఠంలో ఎలాగూ ఉంది. ఇప్పుడు అది ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబవుతుంది.

మార్కులు, బహుమతులు

బహుమతి పెడితే ఉత్సాహం వస్తుందన్నది మన బడుల్లో గట్టి నమ్మకం. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలంటే ఇష్టపడే బాలవాడి వయసు పిల్లలను మూడు జట్లు చేశారు. బొమ్మ వేస్తే యోగ్యతాపత్రం ఇస్తామని ఒక జట్టుకు ముందే చెప్పారు. ఇంకో జట్టుకు చెప్పకుండా వేశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. ఒకటి రెండు వారాల తర్వాత ఖాళీ సమయంలో ఎవరు బొమ్మలు వేస్తున్నారో గమనిస్తే, ముందే ఆశ పెట్టిన జట్టు మిగతావాళ్లలో సగం సమయమే బొమ్మలకు ఇచ్చింది. చెప్పకుండా బహుమతి అందుకున్నవాళ్లకు నష్టమేమీ జరగలేదు. పెద్దవాళ్లలోనూ ఇలాంటిదే కనబడింది. కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, పెట్టెడు పిన్నులు ఇచ్చి కొవ్వొత్తిని గోడకు అమర్చమనే డంకర్ సమస్యలో (పెట్టెను ఖాళీ చేసి గోడకు గుచ్చి, దాని మీద కొవ్వొత్తి నిలపాలి), డబ్బు ఆశ చూపిన విద్యార్థులు ఆశ చూపనివారికంటే ఎక్కువ సమయం తీసుకున్నారని 1962లో గ్లక్స్‌బర్గ్ చూపాడు. పిన్నులను పెట్టె నుంచి తీసి విడిగా ఇచ్చి చిక్కు తగ్గించినప్పుడు మాత్రం డబ్బు వేగం పెంచింది. దారి తెలిసిన పనికి బహుమతి తోడ్పడుతుంది, దారి వెతుక్కోవాల్సిన పనిలో చూపును ఇరుకు చేస్తుంది.

మార్కులకూ ఇది వర్తిస్తుంది. 1988లో రూత్ బట్లర్ కొందరు పిల్లలకు మార్కులు, కొందరికి వ్యాఖ్య, కొందరికి రెండూ ఇచ్చింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగయ్యారు, ఆసక్తీ నిలిచింది. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉన్నారు. మార్కు కనబడితే వ్యాఖ్య చదవరు. కాబట్టి మొదటి ప్రతి మీద అంకె వేయకండి. ఒకే ఒక్క వాక్యం రాయండి, అది కూడా ప్రశ్నగా: ‘బిందె నిండేలోపు ఎన్ని చెంబులు పోతున్నాయో లెక్కపెట్టావా?’ ‘బాగుంది’ అన్న మాటతో పిల్లకు చేయడానికి పని మిగలదు.

రెండో ప్రతికి మార్కులు వేయక తప్పదు. దిద్దే ముందు ఎర్ర కలం పక్కన పెట్టి నలభై పేపర్లూ ఒకసారి చదవండి, పావుగంట పడుతుంది. ఒక తెల్ల కాగితం మీద ప్రతి పేపరులోని ముఖ్యమైన ఆలోచనను రెండు మాటల్లో రాసుకుంటూ, మళ్లీ వస్తే పక్కన గీత పెట్టండి. చివరకు ఏది ఇరవైమంది రాశారో, ఏది ఇద్దరే రాశారో కళ్లకు కడుతుంది. కొత్తదనాన్ని తేల్చడానికి టీచరు అభిరుచి కంటే ఈ గీతలు నమ్మదగినవి. 5 మార్కుల్లో పనికి కుదిరినందుకు 2, అరుదుదనానికి 1, వివరానికి 1, మొదటి ప్రతి నుంచి మార్చినదానికి 1 ఇవ్వొచ్చు. కుదరనిదానికి అరుదుదనం మార్కు ఇవ్వకూడదు, లేకపోతే వింతగా రాయడమే సృజన అని పిల్లలు పసిగడతారు. చేతిరాతకూ అక్షరదోషాలకూ ఈ ఐదులో కోత పెట్టకండి. వాటిని దిద్దడానికి వేరే అభ్యాసాలున్నాయి. అనుమానం ఉన్న పేపర్లు పదింటిని సహోపాధ్యాయురాలికి ఇచ్చి, మీ వరస చెప్పకుండా, ఆమెను వరస పెట్టమనండి. తెరెసా అమాబిలే సృజనను కొలవడానికి వాడిన పద్ధతి సారం ఇదే: విషయం తెలిసినవాళ్లు విడివిడిగా చూసి ఒకే మాట చెబితే ఆ తీర్పును నమ్మొచ్చు.

సమస్యను వెతకడం

ఆరు నుంచి పై తరగతుల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకం ఉంది. బడి నుంచి పంపిన ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి ₹10,000 వస్తుంది. చాలా చోట్ల గడువుకు రెండు రోజుల ముందు ఆలోచనల కోసం యూట్యూబ్‌లో వెతుకుతారు. హెల్మెట్ పెట్టుకుంటేనే స్టార్టయ్యే బండి, అంధులకు సెన్సార్ చేతికర్ర లాంటివి అలా మళ్లీ మళ్లీ వస్తాయి. లోపం పరిష్కారాలు వెతకడంలో లేదు, సమస్యను వెతకకపోవడంలో ఉంది. చికాగోలో 31 మంది చిత్రకళా విద్యార్థుల ముందు 27 వస్తువులు పెట్టి, కొన్ని ఎంచుకుని బొమ్మ గీయమన్నారు గెట్‌జెల్స్, చిక్సెంట్‌మిహాయి. ఎక్కువ వస్తువులను చేత్తో పట్టుకుని, తిప్పి చూసి, ఏది గీయాలో తేల్చుకోవడానికి ఎక్కువసేపు తీసుకున్నవాళ్ల బొమ్మలే మేలైనవని నిపుణులు తేల్చారు.

దీనికి జూన్‌లోనే ఒక పలచటి నోట్‌బుక్కు కేటాయించాలి. అందులో పిల్లలు వారానికి ఒక ఇబ్బందిని రాయాలి: ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు. పరిష్కారం రాయకూడదన్నదే నియమం. ‘రైతులకు నీటి సమస్య’ అని రాస్తే వెనక్కి ఇవ్వాలి. ‘మిరప కోతలో అమ్మ వేళ్లు సాయంత్రానికి మండుతాయి, కొబ్బరి నూనె రాసుకుంటుంది, గ్లౌజు వేసుకుంటే కాయ పట్టు దొరకడం లేదు’ అని రాస్తే అది సమస్య. గ్లౌజు ఎందుకు పనికిరాలేదో అందులోనే ఉంది, వెతకాల్సిన చోటూ అందులోనే ఉంది. సెప్టెంబరుకు పన్నెండు పదమూడు పేజీలు నిండుతాయి. అప్పుడు ఒకటి ఎంచుకుని, దాన్ని భరిస్తున్న మనిషితో పిల్ల పది నిమిషాలు మాట్లాడి రావాలి. అట్ట, సైకిల్ ట్యూబు, ఇనుప తీగలతో మొదటి నమూనా చేసి, ఆ మనిషి చేతికే ఇచ్చి వాడించాలి. మొదటిసారి పనిచేయదు. ఎక్కడ ఆగిపోయిందో అదే నోట్‌బుక్కులో తేదీ వేసి రాయించండి. ఫిబ్రవరిలో ఆ పేజీని జూన్ నాటి మొదటి పేజీ పక్కన పెట్టి చూడండి. ఇబ్బందిని చెప్పే వాక్యం పొడవైందా, అందులో కొలతలు చేరాయా, ‘ఎందుకు’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.